నీతి అనే మైమరువు: డోర్నకల్ చరిత్ర మనకు చెప్పేది

డోర్నకల్ అంటే చాలామందికి రైలు జంక్షనే గుర్తొస్తుంది. సికింద్రాబాదు నుంచి బెజవాడ పోయే దారిలో, సింగరేణి బొగ్గు కోసం ఇల్లందు వైపు పట్టాలు చీలిన చోటు అది. నిన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లా. చుట్టూ లంబాడా తండాలున్నాయి. తూర్పుకు పోయేకొద్దీ, ఇల్లందు, గుండాల దాటేకొద్దీ మన కోయగూడేలు మొదలవుతాయి. శాసనసభ నియోజకవర్గంగా డోర్నకల్ షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయిన స్థానం.

ఈ ఊరికి ఇంకో చరిత్ర కూడా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో అది కనబడదు. మన దేశంలో అంతవరకు తెల్లదొరలే బిషప్‌లుగా ఉన్న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఈ డోర్నకల్‌కే వచ్చారు. ఆయన మందలో ఎక్కువమంది భూమి లేని, చదువు లేని, ఊరి బయట బతికే మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన వాళ్ళకు చెప్పిన మాటల్లో నీతి చాలా ముఖ్యమైనది. మనిషి నీతిగా బతికితే ఆ బతుకే అతనికి రక్ష అని ఆ సంఘం నమ్మింది.

మేము అడవి పల్లెల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మా పిల్లల్లో కొందరు చర్చికి పోతారు, కొందరు వేల్పులను కొలుస్తారు, కొందరు రెండూ చేస్తారు. ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ మన యువకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “సార్, నీతిగా ఉంటే ఏమొస్తుంది? నీతిగా ఉన్న మన తాతల భూములే కదా పోయినయి?” ఈ ప్రశ్నను దులిపేసి పోలేం. డోర్నకల్ చరిత్రను దగ్గర పెట్టుకుని దీనికి జవాబు వెతుకుదాం.

మైమరువు అనే మాట

క్రైస్తవుల కొత్త నిబంధనలో పౌలు అనే అపొస్తలుడు ఎఫెసు పట్టణంలోని విశ్వాసులకు రాసిన లేఖ ఉంది. ఖైదులో ఉండి రాసిన లేఖ అది. దాని చివరి అధ్యాయంలో విశ్వాసి తొడుక్కోవలసిన ఆయుధ సామగ్రిని ఆయన ఒక్కొక్కటిగా చెబుతాడు. నడుముకు సత్యం, కాళ్ళకు సమాధాన సువార్త, చేతిలో విశ్వాసం అనే డాలు, తలకు రక్షణ అనే శిరస్త్రాణం, ఆత్మ ఇచ్చే ఖడ్గం. వీటి మధ్యలో రొమ్ముకు నీతి అనే మైమరువు. మై అంటే ఒళ్ళు. ఒంటిని కాచే కవచమే మైమరువు.

రోము సైనికులను చూసిన మనిషికి ఈ పోలిక సులువుగానే తట్టి ఉంటుంది. అంతకు ముందే యెషయా ప్రవక్త గ్రంథంలో దేవుడే నీతిని కవచంగా ధరించినట్టు ఉంది. అంటే పౌలు చెప్పే నీతి మనిషి తన గొప్ప కోసం తయారు చేసుకునేది కాదు. దేవుడు ఇచ్చేది, మనిషి రోజూ తొడుక్కుని నడవవలసింది. క్రైస్తవ బోధకులు ఈ రెండు సంగతులనూ కలిపే చెబుతారు. ఇచ్చింది దేవుడే అయినా పెట్టెలో దాచుకుంటే కవచం పనికి రాదు. ఒంటి మీద ఉండాలి. అబద్ధం ఆడేవాడు, తూకంలో మోసం చేసేవాడు, తాగి భార్యను కొట్టేవాడు ఎంత ప్రార్థన చేసినా అతని రొమ్ము వట్టిదే.

మన పెద్దలు వేటకు పోయినప్పుడు విల్లంబులు పట్టారు గానీ రొమ్ముకు ఇనుము కట్టలేదు. కాబట్టి ఈ పోలిక మనకు పరాయిదిగా తోచవచ్చు. కానీ దాని లోపలి సంగతి మనకు కొత్త కాదు. ఆ మాట తర్వాత చూద్దాం.

తాటిచెట్ల సీమ నుంచి వచ్చిన మనిషి

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణ కొసన, తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి పాదిరి. వాళ్ళది నాడార్ సామాజికవర్గం. తాటిచెట్లు ఎక్కి బతికే ఆ జనాన్ని ఒకప్పుడు పై కులాలు గుళ్ళలోకి రానివ్వలేదు. అవమానం అంటే ఏమిటో పుస్తకంలో చదివి నేర్చుకోవలసిన అవసరం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు లేదు.

ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ డిగ్రీ పట్టా చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. ఊళ్ళూ దేశాలూ తిరిగినప్పుడు ఒక ఆలోచన ఆయనను పట్టుకుంది. మన దేశంలో సువార్త పని విదేశీ డబ్బుతో, విదేశీ మనుషులతో ఎంతకాలం నడవాలి? ఆ ఆలోచనతో 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. వాళ్ళు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్, మానుకోట ప్రాంతం. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ అజరయ్య ఉన్నారు.

ఇతరులను పంపి తాను ఊరుకోలేదు. 1909లో పాదిరిగా అభిషేకం పొంది, తమిళం మాట్లాడే ఆ మనిషి తెలుగు నేర్చుకుని డోర్నకల్ వచ్చారు. మరుసటి ఏడాది స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు మాకోసం త్యాగాలు చేశారు, ఒప్పుకుంటాం, అయితే మాకు కావలసింది స్నేహం అని దొరల ముఖం మీదే అన్నారు. నీతి గురించి ఆయన చెప్పినదాంట్లో ఇది మొదటి పాఠం అనుకోవచ్చు. దాతలైనా సరే, ఉపకారం చేసి పైన కూర్చుంటే అది నీతి కాదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. అప్పుడు ఆయన వయసు 38. మొదట డోర్నకల్ అధ్యక్ష మండలం చిన్నది. తర్వాత కృష్ణా, గోదావరి వైపు తెలుగు ప్రాంతాలు కూడా కలిసి పెద్దదైంది. తెల్ల మిషనరీలు కూడా ఒక భారతీయుడి చేతి కింద పనిచేయవలసి వచ్చింది. అది ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

వెట్టి నడుమ నీతి

ఆ కాలంలో ఈ ప్రాంతం ఎట్లా ఉండేదో మన పిల్లలకు చెప్పాలి. నిజాం తెలంగాణలో దేశ్‌ముఖ్‌లు, జమీందార్లు, పటేల్ పట్వారీల రాజ్యం. మాల, మాదిగలు దొర గడీకి వెట్టి చేయాలి. చెప్పులు కుట్టి ఊరికే ఇవ్వాలి, మూటలు మోయాలి, కబురు తీసుకుని పరుగెత్తాలి. ఊరి జాతరలో డప్పు కొట్టాలి. పిల్ల పెండ్లికో, తిండి గింజలకో చేసిన అప్పు తరాలు గడిచినా తీరేది కాదు. లంబాడాలు, కోయలు కూడా ఈ పీడన నుంచి తప్పించుకోలేదు. అడవి అధికారి, కంట్రాక్టరు, షావుకారు మన వాకిట్లోకి వచ్చారు.

ఇట్లాంటి చోట నీతిగా బతకండి అని బోధించడం వింటే కోపం రావచ్చు. నీతి లేనివాడు దొర అయితే బోధ మాత్రం వెట్టివాడికా అని అడగవచ్చు. ఆ అడగడం న్యాయమే. కానీ డోర్నకల్ పల్లెల్లో ఏం జరిగిందో చూస్తే సంగతి ఇంకో రకంగా కనబడుతుంది.

అజరయ్య, ఆయనతో పనిచేసినవాళ్ళు తమ సంఘాలను పట్టి పీడించే శత్రువులు నాలుగని గుర్తించారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. తాగుడు ఉంటే అప్పు వస్తుంది. అప్పు ఉంటే తిండి తగ్గుతుంది. తిండి లేని ఒంట్లోకి రోగం వస్తుంది. రోగం వస్తే మళ్ళీ షావుకారు గుమ్మమే దిక్కు. షావుకారి పద్దులో పేరు ఉన్నంతకాలం దొర ముందు తల ఎత్తడం కుదరదు.

అంటే తాగుడు మానడం, అప్పు చేయకపోవడం పరలోకం కోసం మాత్రమే చేసిన వ్రతం కాదు. దోపిడి లోపలికి వచ్చే తలుపులు మూసుకోవడం. బయటి దొరను ఒక్క రోజులో ఎదిరించలేని మనిషి తన ఇంట్లోని తలుపులైనా మూసుకోగలడు. మైమరువు అన్న మాటకు పల్లెలో దొరికిన అర్థం ఇదే అని మేము అనుకుంటున్నాం. కత్తి ఎదుటివాడి మీదికి లేస్తుంది. మైమరువు నీ గుండెను కాస్తుంది. నిలబడడానికి ముందు అది ఉండాలి.

బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత అజరయ్య ఒక ప్రమాణం చేయించేవారు. కొత్త విశ్వాసి తన చెయ్యి తన తల మీద పెట్టుకుని, సువార్త చెప్పకుండా ఉంటే నాకే నష్టం అనే భావం వచ్చే పౌలు మాట పలకాలి. చదువు రాని కూలీ అయినా, ముసలమ్మ అయినా సరే. ఇంతవరకు ఊరి పంచాయితీలో నోరు విప్పే హక్కు లేని మనిషికి, నీ నోటికి బాధ్యత ఉంది అని చెప్పినట్టయింది. చెప్పే నోరు ఉన్నప్పుడు చేసే పని కూడా శుభ్రంగా ఉండాలి. లేకపోతే ఊరు నవ్వుతుంది.

ఊరు చూస్తూనే ఉంది. 1920ల నుంచి 30ల దాకా ఈ ప్రాంతంలో కాపు, రైతు కులాలవాళ్ళు కూడా కొందరు సంఘంలో చేరారు. ఎందుకు చేరారని అడిగితే మాల, మాదిగల బతుకులో వచ్చిన మార్పు చూసి అని చెప్పినట్టు ఆనాటి సంఘ చరిత్రలో కనబడుతుంది. పై కులం వాడు కింది కులం వాడిని చూసి నేర్చుకోవడం మన దేశ చరిత్రలో అరుదు.

పల్లె పంతులు, పిడికెడు బియ్యం

ఈ పని అంతా బిషప్ ఒక్కరే చేశారనుకుంటే పొరపాటు. నిజానికి మోసింది పల్లె పంతుళ్ళు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు వాక్యం, పాటలు. సంఘంలో తగవు వస్తే సంఘ పెద్దల పంచాయితీ. తాగినవాడిని, పిల్లకు చిన్నప్పుడే పెండ్లి చేసినవాడిని పిలిచి అడిగేవాళ్ళు. ఒక్కడి నీతి ఒక్కడికే వదిలిపెట్టలేదు. పడిపోతే లేపే మనుషులు చుట్టూ ఉన్నారు.

డోర్నకల్‌లో పాదిరులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకు కూడా చదువు చెప్పేవారు. అజరయ్య గారి భార్య అన్బు మరియమ్మ గారు ఆడవాళ్ళ మధ్య చేసిన పని ఇందులో పెద్దది. ఇల్లాలు మారకుండా ఇల్లు మారదని వాళ్ళకు తెలుసు.

సంఘానికి ఇచ్చే కానుక గురించి కూడా అజరయ్య గట్టిగా బోధించేవారు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. అది తర్వాత చాలా భాషల్లోకి వెళ్ళింది. మనకు పిడికెడు బియ్యం తీసే అలవాటు తెలుసు. వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, వారానికో నెలకో సంఘానికి ఇవ్వడం. ఈశాన్యంలో మిజో తెగవాళ్ళ సంఘాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఈ పద్ధతి మొదలుపెట్టి, దానితోనే ఇప్పటికీ పెద్ద పెద్ద పనులు నడుపుతున్నాయి. పేదవాడికి ఇచ్చే అలవాటు నేర్పితే అన్యాయం కదా అని కొందరు అంటారు. కానీ ఎప్పుడూ తీసుకునే చెయ్యి కిందే ఉంటుంది. పిడికెడు ఇచ్చినా సరే, ఇచ్చిన మనిషి తనను తాను బిచ్చగాడుగా చూసుకోడు. సంఘాన్ని నిలబెట్టినవాడిగా చూసుకుంటాడు. ఆ గౌరవం కూడా మైమరువులో ఒక రేకు.

కవచంలో కన్నాలు

చరిత్ర రాసేటప్పుడు మంచే రాసి వదిలేస్తే అది చరిత్ర కాదు, స్తోత్రం అవుతుంది. డోర్నకల్ సంఘంలో కులం చావలేదు. మాలలు ఒక వైపు, మాదిగలు ఒక వైపు కూర్చున్న పల్లెలు ఉన్నాయి. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి, ఒకరి ఇంట్లో ఒకరు తినడానికి, పిల్లను ఇచ్చి పుచ్చుకోవడానికి వెనకాడినవాళ్ళు ఉన్నారు. అజరయ్య దీనితో జీవితమంతా పోట్లాడారు. పోట్లాట గెలిచిందని చెప్పలేం. తాగుడు మానడం కంటే కులం మానడం కష్టమని ఆ చరిత్ర చూపిస్తుంది.

రెండో కన్నం బయట నుంచి వచ్చింది. 1930లలో గాంధీ గారికి, అజరయ్యకు మధ్య వాదన నడిచింది. హరిజనులు గుంపులు గుంపులుగా మతం మారడాన్ని గాంధీ గారు ఒప్పుకోలేదు. వాళ్ళు ఆత్మ సంగతి తెలిసి కాదు, లాభాల కోసం మారుతున్నారని ఆయన అభిప్రాయం. అజరయ్య దీన్ని ఒప్పుకోలేదు. కూలీకి కూడా ఆత్మ ఉంది, మంచీ చెడూ తెలుసుకునే తెలివి ఉంది, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు ఉంది అని ఆయన వాదన. అదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. మతం పేరుతో ఓట్ల వాటా అడిగితే సంఘం కులంగా మారిపోతుందని ఆయన భయం.

ఈ వాదనలో ఎవరు ఒప్పు అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ ఒక్క సంగతి మన యువకులు గమనించాలి. ఆనాడు మాల, మాదిగల గురించి అన్నమాటే ఈనాడు మన గురించి అంటున్నారు. ఆదివాసులు అమాయకులు, బియ్యం బస్తాకు లొంగిపోతారు, వాళ్ళకు ఏం తెలుసు అని. చర్చికి పోయినవాడిని అట్లా అంటారు. రేపు గుడికి పోయినవాడినీ అంటారు. వేల్పును కొలిచేవాడిని మూఢుడు అంటారు. మూడు మాటల్లోనూ ఉన్న అవమానం ఒకటే. ఆదివాసికి సొంత మనసు లేదు అనడం.

మూడో కన్నం చట్టంలో ఉంది. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న మాల, మాదిగలకు ఎస్సీ హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళను బి.సి. ‘సి’లో పెట్టారు. ఆదివారం ఏ గుడికి పోతున్నావో నిజం చెబితే రిజర్వేషన్ పోతుంది, దాచుకుంటే ఉంటుంది. నడుముకు సత్యం కట్టుకోమని చెప్పే విశ్వాసికి ఇంతకంటే గట్టి పరీక్ష ఏముంటుంది? ఆ కుటుంబాలు పడే ఇబ్బందిని మనం ఎగతాళి చేయకూడదు.

మన విషయం వేరు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. కోయ మనిషి ఏ దేవుణ్ణి మొక్కినా కోయే. లంబాడా మనిషి ఏ గుడికి పోయినా లంబాడాయే. మతం మారినవాళ్ళను తెగల జాబితా నుంచి తీసెయ్యాలనే డిమాండు దేశంలో ఇప్పుడు వినబడుతోంది. మన పిల్లలు దీన్ని తెలుసుకుని ఉండాలి. తెగ అనేది పుట్టుక, భాష, నేల, చుట్టరికం కలిసినది. చర్చి మెట్ల దగ్గర విప్పి పెట్టే చెప్పు కాదు.

గోడలు చెప్పే మాట

డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్‌ను చూడనివాళ్ళు ఒకసారి చూడండి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. గుమ్మటాలు, మినార్ల వంటి శిఖరాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది. లోపలి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. తామర పువ్వు ఉంది, శిలువ ఉంది. ఇంగ్లండు చర్చికి నకలు కట్టడం అజరయ్యకు ఇష్టం లేదు. ఈ నేల మీది మనిషి ఈ నేల రూపంలోనే దేవుణ్ణి కొలవాలని ఆయన కోరిక. ఆరాధనలో తెలుగు కీర్తనలను, భజన పద్ధతిని ప్రోత్సహించారు.

సంఘాల మధ్య చీలికలు కూడా ఆయనను బాధపెట్టాయి. 1919లో తరంగంబాడిలో సంఘాలు ఏకం కావాలని పిలుపు ఇచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ ఐక్యతను కళ్ళారా చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆయన సమాధి ఆ కథీడ్రల్ ఆవరణలోనే ఉంది.

ఈ గోడల ముందు నిలబడి మన గూడేలకు వచ్చే కొందరు బోధకులను ఒక మాట అడగాలి. నీతిమంతుడు కావాలంటే కోయ భాష మానాలా? రేల పాట పాపమా? పెండ్లిలో డోలు మోగితే కవచం ఊడిపోతుందా? డోర్నకల్ కట్టినవాళ్ళు అట్లా అనుకోలేదు. తామర పువ్వును శిలువ పక్కన చెక్కినవాళ్ళు మన కొమ్ముకోయ ఆటను బయటికి నెట్టమని చెప్పరని మా నమ్మకం.

మన వైపు నుంచి

కోయలకు క్రైస్తవం డోర్నకల్ కంటే ముందే తెలుసు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో పడవల రాకపోకల కోసం ఆనకట్ట పనులు జరిగిన రోజుల్లో, 1860 ప్రాంతంలో, హేగ్ అనే ఇంజనీరు దొర చొరవతో అక్కడ కోయ మిషన్ మొదలైంది. మొదట పనిచేసినవాడు రాజు అనే తెలుగు క్రైస్తవుడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, కోయ భాష నేర్చుకుని, మన ఆచారాల గురించి రాశాడు. కోయ భాషలో సువార్త భాగాలు ఆ శతాబ్దంలోనే అచ్చయ్యాయి. మన భాషను కాగితం మీదికి ఎక్కించిన తొలి పనుల్లో అది ఒకటి. తర్వాత దుమ్ముగూడెం కూడా డోర్నకల్ మండలంలో చేరింది. అయినా కోయలు పెద్ద సంఖ్యలో చేరలేదు. వేల్పులను, పండుగలను వదలడానికి మనవాళ్ళు ఇష్టపడలేదు.

ఎందుకు వదలలేదు? మన దగ్గర నీతి లేదనా? కాదు. మనకూ కట్టు ఉంది. భూమి పండుగ చేయకుండా విత్తనం వేయకూడదు. పండుగ కాకుండా కొత్త పంట, కొత్త కాయ నోట్లో పెట్టకూడదు. ఇది ఒక్కడి ఇష్టం కాదు, గూడెం మొత్తం కట్టుబడే నియమం. పచ్చికాయ తెంపకుండా చెట్టును కాచిన నియమం. మేడారంలో కోటిమంది మొక్కే సమ్మక్క సారలమ్మలు కప్పం కట్టమని వచ్చిన కాకతీయ సైన్యానికి తల వంచని ఆడవాళ్ళు అని మన పెద్దలు చెబుతారు. అన్యాయానికి లొంగకపోవడం కూడా నీతే.

లంబాడా సోదరులకు సేవాలాల్ మహరాజ్ ఉన్నారు. 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర పుట్టారని చెబుతారు. నిజం పలకండి, తాగుడు జోలికి పోకండి, ఆడవాళ్ళను గౌరవించండి అని ఆయన తండా తండాకు చెప్పారు. అజరయ్య పుట్టడానికి వందేళ్ళకు ముందే తాగుడు అనే శత్రువును గుర్తుపట్టిన మనిషి. డోర్నకల్ చుట్టూ తండాల్లో ఏటా ఆయన జయంతి చేస్తారు. భోగ్ బండారో పెడతారు. అయితే ఆయన చెప్పిన మాట పెట్టినచోటే బెల్టు షాపు కూడా ఉంటే ఏమనాలి?

మనకు ఇప్ప సారా, జీలుగు కల్లు పండుగలో భాగం. వేల్పుకు చుక్క పోసి, పెద్దలకు ఇచ్చి, అందరం కలిసి తాగేది. దానికో రోజు ఉంది, హద్దు ఉంది. ప్లాస్టిక్ సీసాలో రోజూ అమ్మే సారాకు ఏ పండుగా లేదు. రెండింటినీ ఒకటే అనడం తప్పు. ఒకటి మన ఆచారం కాబట్టి రెండోదీ మన ఆచారమే అనడం ఇంకా పెద్ద తప్పు.

ఇప్పుడు ఏం చేయాలి

మళ్ళీ మొదటి ప్రశ్నకు వద్దాం. నీతిగా ఉన్న మన తాతల భూములే పోయాయి కదా? పోయాయి. నీతి లేనందుకు కాదు, చట్టం తెలియనందుకు, ఒంటరిగా ఉన్నందుకు, అప్పులో ఉన్నందుకు పోయాయి. డోర్నకల్ పల్లెల చరిత్ర చెప్పేది కూడా అదే. నీతి ఒక్కడిలో ఉంటే మంచితనం. పదిమంది కలిసి పట్టుకుంటే రక్షణ. దానికి చదువు, చట్టం తోడు ఉండాలి. పౌలు కూడా మైమరువు ఒక్కటే ఇచ్చి పంపలేదు. డాలూ ఇచ్చాడు, ఖడ్గమూ ఇచ్చాడు.

మనకు చట్టాలు ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకుండా 1959 నాటి నిబంధన ఉంది, దాన్ని గట్టి చేసిన 1/70 ఉంది. 1996లో పెసా చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. ఆ చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలు ఒకసారి చదవండి. మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపడం లేదా అదుపు చేయడం, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడం, భూమి పరాధీనం కాకుండా చూడడం, అడవి ఫలసాయం మీద హక్కు. తాగుడు, అప్పు అని అజరయ్య సంఘం గుర్తించిన శత్రువులే ఇక్కడ కూడా ఉన్నారు. ఆనాడు సంఘ పెద్దల మాట తప్ప వాళ్ళకు వేరే బలం లేదు. ఈనాడు మన గ్రామసభకు పార్లమెంటు చేసిన చట్టమే బలం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం చట్టాన్నే మార్పించింది. దాన్ని నడిపింది అక్షరాలు నేర్చుకుంటున్న పేద ఆడవాళ్ళు.

కానీ గ్రామసభ తీర్మానం మీద సంతకం పెట్టే చెయ్యి వణకకూడదు. బెల్టు షాపు వాడు ఇచ్చే ఐదువందలకు ఆ చెయ్యి లొంగితే ఏ చట్టమూ కాపాడదు. చట్టం డాలు అయితే దాన్ని పట్టుకునే మనిషి లోపల మైమరువు ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా దెబ్బ తగిలేది మన పిల్లలకే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ గూడెంలో, మీ తండాలో ముసలివాళ్ళను కూర్చోబెట్టి అడగండి. మొదట ఎవరు తాగుడు మాన్పించారు? ఎవరి భూమి ఎట్లా పోయింది? ఎవరు తిరిగి తెచ్చుకున్నారు? చర్చి ఎప్పుడు వచ్చింది, వచ్చాక ఏం మారింది, ఏం పోయింది? పండుగకు ఏ నియమాలు ఉండేవి, ఏవి మిగిలాయి? పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. తెలుగులో రాయించండి, కోయలో, గోర్ బోలిలో కూడా రాయించండి. పేజీ నిండగానే తేదీ వెయ్యమనండి, చెప్పినవాళ్ళ ఊరు రాయమనండి. డోర్నకల్ చరిత్రను దొరలు రాసిపెట్టుకున్నారు కాబట్టి మనం ఇన్ని సంగతులు చెప్పుకోగలిగాం. మన పెద్దల నీతిని మనమే రాసుకోవాలి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెడదాం.